కాలిమీట కాలికే రాసిపెట్టి ఉందా?



అరచేతిలో ఇమిడే లోహపు పెట్టె. దాని అడుగున ఒక మర. ఆ మర మీద ఒక కాగితపు ముద్ర. ముద్ర చిరిగినచో హామీ రద్దు అని దాని మీద వ్రాత. డబ్బు చెల్లించి, రసీదు పుచ్చుకొని, ఇంటికి తెచ్చుకొన్న వస్తువు మీద అమ్మినవాడి శాసనం ఇంకా నడుస్తూనే ఉండాలట! ఇల్లు అమ్మినవాడు వంటగది తాళంచెవి మాత్రం తన మొలకే కట్టుకొని వెళ్లిపోతే మనం ఊరుకుంటామా? గిటారు వాయించే పిల్లలు మాత్రం ఊరుకుంటున్నారు. ఊరుకోవడమే సంగీతభక్తి అని వారికి నూరిపోసేవారు కూడా ఉన్నారు. ఆ ఇద్దరితోనూ, అంటే ముద్ర వేసినవాడితోనూ, ముద్రకు మొక్కేవాడితోనూ నాకు పేచీ ఉంది. ఈ టపా ఆ పేచీయే.

తెలుగు పండితుడికి గిటారు పెడళ్లతో ఏం పని అని మీరడగవచ్చు. బడిలో సంధులు, సమాసాలు చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ణే. అయితే భాషాప్రవీణ చదివే రోజులలోనే ట్రాన్సిస్టరు రేడియోలు విప్పి బిగించే వ్యసనం అంటుకున్నది. ఛందస్సు ఒక చేత, సోల్డరింగ్ ఐరన్ ఒక చేత పట్టుకొనే ఇంతకాలం నెట్టుకొచ్చాను. రెంటికీ గురులఘువుల విచక్షణ అవసరమే.

తెలియనివారి కోసం రెండు మాటలు. విద్యుత్ గిటారులో తీగల కంపనాన్ని అయస్కాంతపు పికప్ విద్యుత్సంకేతంగా మారుస్తుంది. ఆ సంకేతం యాంప్లిఫయరుకు చేరే దారిలో మజిలీలుగా అమర్చే చిన్న పెట్టెలే ఎఫెక్ట్ పెడళ్లు. ఒకటి నాదాన్ని గరగరలాడిస్తుంది. దాన్ని ఓవర్‌డ్రైవ్ అంటారు. ఒకటి ఒక్క గొంతును నలుగురి గొంతులా వినిపిస్తుంది. అది కోరస్. ఒకటి ప్రతిధ్వనిని చేరుస్తుంది. అది డిలే. వాయించేవాడి రెండు చేతులూ తీగల మీద ఉంటాయి కనుక వీటిని నేల మీద పరిచి, పైన ఒక మీట పెట్టి, కాలితో తొక్కమన్నారు. ఒక్కసారి తొక్కితే పని మొదలు, మళ్లీ తొక్కితే ఆగుతుంది. వాద్యానికి కాలు తగిలితే కళ్లకద్దుకొనే జాతి మనది. అయినా పద్యనాటకాల వేదిక పక్కన కాలి హార్మోనియం తొక్కినవారిని ఎరిగినవాళ్లం కనుక తొక్కడంలో నాకు అపచారం కనిపించలేదు. నాకు కనిపించిన అపచారం వేరే ఉంది.

ఆ పెట్టె చేసినవాడు, కొనే ప్రతివాడికీ కాలు ఉంటుందని, ఉన్న కాలు పని చేస్తుందని తీర్మానించుకొని కూర్చున్నాడు.

మా మేనల్లుడు పెళ్లిళ్లలోనూ, తిరునాళ్లలోనూ పాడే ఒక ఆర్కెస్ట్రాలో గిటారు వాయిస్తాడు. కొన్నేళ్ల క్రితం రోడ్డు ప్రమాదంలో అతని రెండు కాళ్లూ స్వాధీనం తప్పాయి. చేతులకు ఏమీ కాలేదు. చెవికి అసలే కాలేదు. చక్రాల కుర్చీలో కూర్చుని మునుపటిలాగే వాయిస్తాడు. కాని పల్లవికి ఒక నాదం, చరణానికి ఒక నాదం కావాలంటే నేల మీది మీట తొక్కేవారెవరు? కొన్నాళ్లు పక్కనున్న తబలా కుర్రవాడు వంగి చేత్తో నొక్కేవాడు. ఆ కుర్రవాడికి తన తాళం తనకుంటుంది కదా! సగం పాటలలో నాదం ఒక మాత్ర ఆలస్యంగా మారేది. ఆర్కెస్ట్రా వారు మెల్లగా మరో గిటారు కుర్రవాణ్ణి వెతకడం మొదలుపెట్టారు. మీట మీద కాలు పడకపోతే కూడు పోయే స్థితి అది.

పెడలు కొన్నచోట అడిగాం. చేత్తో నొక్కే బొత్తాం ఒకటి తీగతో బయటికి తెచ్చి ఇవ్వగలరా అన్నాం. "అలాంటివి మేము చేయం, మీరు విప్పితే హామీ పోతుంది" అన్నారు. సంగీతం బాగా తెలిసిన ఒక పెద్దమనిషిని అడిగాం. "అసలు సర్క్యూటును ముట్టుకుంటే ఆ పెడలు ఆ పెడలే కాదు" అన్నాడాయన. "మామయ్యా, మీరే విప్పండి, పోతే పోతుంది" అన్నాడు మావాడు. పోతే పోతుంది అనే తెగింపు వాడికి ఎందుకు రావాలి? నా ప్రశ్న అంతా అక్కడే మొదలైంది.

విప్పిన తరువాత ఏం చేశానో చెబుతాను. ఎందుకంటే "ముట్టుకుంటే చెడిపోతుంది" అనే మాటకు జవాబు ఆ వివరంలోనే ఉంది.

మన వ్యాకరణంలో మార్పులు మూడు రకాలు: ఆగమం, ఆదేశం, లోపం. ఆగమం మిత్రుడివంటిది, ఉన్నదాన్ని కదల్చకుండా పక్కన వచ్చి చేరుతుంది. ఆదేశం శత్రువువంటిది, ఉన్నదాన్ని తొలగించి ఆ చోట తాను కూర్చుంటుంది. లోపం ఉన్నదాన్ని మాయం చేస్తుంది. బడిలో ఎన్నో ఏళ్లు చెప్పిన ఈ మూడు మాటలే పెడళ్ల మీద కూడా నాకు దారి చూపాయి.

మొదటిది డిలే పెడలు. దాని పక్కన తయారీదారుడే ఒక ఎక్స్‌ప్రెషన్ జాక్ పెట్టాడు. మూడు తీగల తాడుతో 10 కిలోఓముల నాబ్ ఒకటి దానికి తగిలించి, కుర్చీ చేతి మీద బిగించాను. అక్కడ తిప్పితే ఇక్కడ ప్రతిధ్వని పెరుగుతుంది, తగ్గుతుంది. పెట్టె మూత తీయవలసిన పనే లేదు. తయారీదారుడు తలుపు పెట్టిన ఇంట్లోకి గోడ దూకి వెళ్లనక్కరలేదు కదా!

రెండవది కోరస్. దాని మీద మీట ఉన్నా, నాదం ఆ మీట గుండా పోదు. తొక్కినపుడు క్షణకాలం రెండు తీగలు కలుస్తాయి. ఆ స్పర్శను లోపలి ఫ్లిప్‌ఫ్లాప్ గుర్తుపెట్టుకొని, ఫెట్ ట్రాన్సిస్టర్ల చేత నాదాన్ని దారి మళ్లిస్తుంది. బాస్, ఐబనీజ్ వారి చిన్న పెడళ్లు చాలా వరకు ఈ పద్ధతివే. ఇక్కడ ఆ మీటకు సమాంతరంగా మరొక మీట చేరిస్తే చాలు. మధ్యలో పీసీ-817 అనే నాలుగు కాళ్ల ఆప్టోకప్లర్ పెట్టాను. అవతల బొత్తాం నొక్కితే దానిలోపల ఒక దీపం వెలుగుతుంది, ఆ వెలుగు చూసి ఇవతలి ట్రాన్సిస్టరు మీట నొక్కినట్టే ప్రవర్తిస్తుంది. రెండు వైపులకూ మధ్య వెలుగే తప్ప తీగ సంబంధం లేదు కనుక గుయ్‌మనే రొద రాదు. పాత మీట పాత చోటనే ఉంది, పాత పని చేస్తూనే ఉంది. ఇది శుద్ధమైన ఆగమం.

మూడవది ఓవర్‌డ్రైవ్. దీనిలో తొమ్మిది కాళ్ల పెద్ద స్విచ్చి ఉంది. నాదమే దాని గుండా పోతుంది. ఇక్కడ ఆగమం చాలదు. ఆ స్విచ్చిని తీసి, ఆ చోట చిన్న రిలేను కూర్చోబెట్టక తప్పలేదు. అది ఆదేశం. రిలే తీగచుట్టకు సుమారు 30 మిల్లీయాంపియర్లు కావాలి. ఇలాంటి ఓవర్‌డ్రైవ్ పెడళ్లు చాలావాటికి 10 మిల్లీయాంపియర్లు కూడా అక్కరలేదు. కనుక బ్యాటరీని నమ్ముకోక అడాప్టరు పెట్టాను. తీగచుట్టకు అడ్డంగా ఒక డయోడ్ వేశాను, లేకపోతే ఆపినప్పుడల్లా ఎదురుదెబ్బ వోల్టేజీ పుడుతుంది. రిలేకు విద్యుత్తు అందకపోతే నాదం ఏ మార్పూ లేకుండా నేరుగా పోయేలా అమర్చాను. కచేరీ మధ్యలో ఎవరి కాలో తగిలి తీగ ఊడినా గిటారు మూగబోదు. తీసిన స్విచ్చిని సంచిలో భద్రపరిచాను, ఎప్పుడైనా యథాస్థానంలో పెట్టవచ్చు.

ఈ మూడింటిలోనూ ఒకే సూత్రం: దూరం ప్రయాణించవలసింది ఆజ్ఞ, నాదం కాదు. గిటారు సంకేతం చాలా సుకుమారం. సాధారణపు గిటారు తాడుకు మీటరుకు సుమారు 100 పికోఫారాడ్ల కెపాసిటెన్సు ఉంటుంది. తాడు పొడవైన కొద్దీ తారస్థాయి మెరుపు హరించుకుపోతుంది. నాదాన్ని కుర్చీ దాకా లాక్కొచ్చి మళ్లీ నేల దాకా పంపితే ఆ పెద్దమనిషి చెప్పినట్టు నిజంగానే చెడిపోయేది. నేను నాదాన్ని దాని చోటనే ఉంచి, నొక్కుడును మాత్రమే మూడు మీటర్లు నడిపించాను. మూడు పెడళ్లలో రెంటిలో నాదం నడిచే దారిని తాకనే లేదు. మరి "అసలు" ఎక్కడ చెడింది?

ఇప్పుడు ముద్రకు మొక్కేవారి సంగతి. వారికి "అసలు" అనే మాట వేదవాక్కు. అయ్యా, ఈ వాద్యప్రపంచంలో అసలు ఏది? గరగర నాదం పుట్టుకే ఒక పాడైన పరికరం. నాష్‌విల్‌లో మార్టీ రాబిన్స్ పాట రికార్డు చేస్తున్నపుడు మిక్సింగ్ యంత్రంలో ఒక భాగం చెడి, గ్రాడీ మార్టిన్ వాయించిన బేస్ వింతగా గరగరలాడింది. ఆ పాట 1961లో వచ్చింది. ఇంజనీరు గ్లెన్ స్నాడీ ఆ చెడుపును కావాలని పుట్టించే పెట్టెకు రూపం ఇచ్చాడు. 1962లో అది మేస్త్రో ఫజ్-టోన్ అనే పేరుతో అంగడికి వచ్చింది. లోపాన్ని గుణంగా మార్చుకొన్న శాస్త్రమిది. జిమీ హెండ్రిక్స్ పెట్టెలను ఎప్పటికప్పుడు సవరించి ఇవ్వడానికి రోజర్ మేయర్ ఉండేవాడు. డేవిడ్ గిల్మర్ వంటివారి పెడళ్లను పెట్టెల నుంచి ఊడదీసి ఒకే పలక మీద కూర్చినవాడు పీట్ కార్నిష్. పెడళ్లన్నిటినీ వెనుక అరలో దాచి, వాద్యకారుడి ముందు మీటల పలక మాత్రమే ఉంచే దూరనియంత్రణ పద్ధతికి 1980ల నుంచి పేరు తెచ్చినవాడు బాబ్ బ్రాడ్షా. మ్యూజ్ బృందపు మాథ్యూ బెల్లమీ తన గిటారు దేహంలోనే స్పర్శఫలకం పెట్టించుకొని, ఎక్కడో ఉన్న యంత్రాలను చేతివేలితో నడిపించాడు. తారలు చేయిస్తే కళ, చక్రాల కుర్చీలోని కుర్రవాడు చేయించుకుంటే అపచారమా?

దేహం వాద్యాన్ని మార్చడం కొత్త సంగతీ కాదు. 1965లో రేకుల కర్మాగారంలో పని చేస్తూ టోనీ అయోమీ తీగలు నొక్కే చేతి రెండు వేళ్ల కొసలు పోగొట్టుకున్నాడు. ప్లాస్టిక్ కరిగించి తానే తొడుగులు చేసుకొని, పలచని తీగలు వేసుకొని వాయించాడు. బ్లాక్ సాబత్ అతని వేళ్ల నుంచి వచ్చిందే. డెఫ్ లెపర్డ్ డ్రమ్ముల వాద్యకారుడు రిక్ ఆలెన్‌కు 1984 డిసెంబరు 31న జరిగిన కారు ప్రమాదంలో ఎడమచేయి పోయింది. ఎలక్ట్రానిక్ డ్రమ్ములు అమర్చుకొని, ఆ చేతి పనిని కాలికి అప్పగించాడు. చేతి పని కాలికి పోవచ్చునట. కాలి పని చేతికి రాకూడదట. ఈ న్యాయం ఎవరిది?

అంత దూరం ఎందుకు? పడమటి నుంచి వచ్చిన వయొలిన్‌ను మనవారు నిలబడి భుజాన పెట్టుకోలేదు. కింద కూర్చుని, దాని తలను చీలమండ మీద ఆనించి, తీగల శ్రుతినే మార్చుకొన్నారు. అది ఈనాడు కర్ణాటక సంగీతపు పక్కవాద్యాలలో పెద్దపీట వేసుకొని కూర్చుంది. మన పాలకొల్లు బిడ్డ ఉప్పలపు శ్రీనివాస్ నాలుగు జంటల ఎనిమిది తీగల మాండొలిన్‌ను విడిచి, ఐదు ఒంటితీగల విద్యుత్ మాండొలిన్ చేయించుకొన్నాడు. గమకం పలకడానికి ఆ మార్పు కావలసి వచ్చింది. ఆయన 2014లో కన్నుమూశాడు. ఇప్పుడు ఎవరైనా వచ్చి ఆ మాండొలిన్ "అసలుది" కాదని చెబితే పాలకొల్లులో నిలబడి చెప్పమనండి!

ఇక ముద్ర వేసినవారి సంగతి. వారికి మూడు సాకులున్నాయి.

మొదటిది భద్రత. దీనిలో నిజం ఉంది, ఆ నిజాన్ని నేనూ చెబుతాను. గోడ ప్లగ్గుకు నేరుగా తగిలించే పెట్టెలను, వాల్వులతో నడిచే యాంప్లిఫయర్లను తెలియనివారు విప్పకూడదు. ప్లగ్గు తీసిన తరువాత కూడా వాటి కెపాసిటర్లలో ప్రాణం తీసేటంత విద్యుత్తు నిలిచి ఉండవచ్చు. కాని 9 వోల్టుల బ్యాటరీతో నడిచే పెట్టెకు ఈ వాదం ఎలా వర్తిస్తుంది? గోడగడియారంలో సెల్లు మార్చుకొనేవాడికి అనుమతిపత్రం కావాలా?

రెండవది వృత్తిరహస్యం. క్లోన్ సెంటార్ అనే ప్రసిద్ధమైన పెడలు సర్క్యూటు మీద దాని నిర్మాత నల్లని ఎపాక్సీ జిగురు పోసి గట్టిపరిచాడు. అయినా గీకినవారు గీకారు, పటం బయటపడింది, నకళ్లు లెక్కలేనన్ని వచ్చాయి. జిగురు దొంగను ఆపలేదు. రిపేరు చేసేవాణ్ణి మాత్రం ఆపింది. పైగా, దూరపు బొత్తాం కోరేవాడికి మీ రహస్యంతో పనేమిటి? వాడికి కావలసింది రెండు తీగలు.

మూడవది హామీ. అమెరికాలో 1975 నాటి మాగ్నసన్-మాస్ చట్టం, తమ విడిభాగాలే వాడాలి, తమ చేతనే బాగుచేయించాలి అనే షరతుతో హామీని ముడిపెట్టడాన్ని సాధారణంగా నిషేధిస్తుంది. ఇలాంటి హామీ షరతులు, ముద్రలు పెట్టుకొన్న ఆరు సంస్థలకు అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2018లో హెచ్చరిక లేఖలు పంపింది. మన దేశంలో 2022లో వినియోగదారుల వ్యవహారాల శాఖ రిపేరు హక్కు మీద కమిటీ వేసింది. వ్యవసాయ పనిముట్లు, మొబైల్ ఫోన్లు, గృహోపకరణాలు, వాహనాలు అని నాలుగు రంగాలు ఎంచింది. సంతోషమే. కాని వాద్యపరికరాలు అందులో లేవు. వాద్యం వాయించి పొట్ట పోసుకొనేవాడికి అది నాగలితో సమానమని ఎవరికీ తోచలేదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం, అందరికీ అనువైన రూపకల్పన గల వస్తువుల తయారీని ప్రోత్సహించమని ప్రభుత్వాలకు చెబుతున్నది. ఆ మాట కాలితో తొక్కే మీట దాకా ఎప్పుడు వస్తుంది?

"ఇదంతా ఎందుకు, ఫోనుతో నడిచే కొత్త యంత్రం ఒకటి కొనుక్కోరాదా" అనేవారూ ఉన్నారు. కొనవచ్చు. కాని కాళ్లున్నవాడు ఒక్కసారి కొన్నదాన్ని కాళ్లు లేనివాడు రెండుసార్లు కొనాలి అనేదే కదా ఆ సలహాకు అర్థం? పైగా వాడు ఏళ్ల తరబడి వెతికి వెతికి కుదుర్చుకొన్న నాదం ఆ పాత పెట్టెలో ఉంది. గాయకుడికి గొంతు మార్చుకోమని సలహా ఇవ్వము కదా!

తయారీదారులకు చేతకాని పని ఇదేమీ కాదు. 1983లో పోటీ సంస్థలన్నీ కలిసి మిడి అనే ఉమ్మడి భాషను ఒప్పుకొన్నాయి. ఒక కంపెనీ మెట్లపలక మీద నొక్కితే మరొక కంపెనీ యంత్రం పలికింది. సెకనుకు 31,250 బిట్ల వేగంతో పోయే ఆ సంకేతాన్ని అందుకొనేచోట ఆప్టోకప్లర్ ఉండాలని ఆనాడే నియమం పెట్టుకొన్నారు. నేను కోరస్ పెట్టెలో పెట్టింది అదే ఉపాయం. నలభై ఏళ్లు దాటిన తరువాత చూడండి: ఎక్స్‌ప్రెషన్ జాక్‌లో ఒక కంపెనీకి ప్లగ్గు మొన ముఖ్యం, మరొక కంపెనీకి దాని వెనుకనున్న వలయం ముఖ్యం. ఒకరి కాలిమీట మరొకరి పెట్టెతో మాట్లాడదు. చేతనైనది చేయకపోవడాన్ని చేతకానితనం అనరు, నిర్లక్ష్యం అంటారు.

కనుక నేను అడుగుతున్నది ఇది. ప్రతి పెడలుకూ ఒక చిన్న జాక్ పెట్టండి. మీటకు సమాంతరంగా రెండు తీగలు బయటికి వదలండి. అది పెట్టలేకపోతే మూత తెరిచే హక్కునైనా మాకు వదలండి, సర్క్యూటు పటం ఇవ్వండి, జిగురు పోయకండి. ముద్రలు చాలించండి.

వాద్యకారులైన పిల్లలకు కూడా ఒక మాట. హక్కు ఉన్నదని గొడ్డలి పట్టకండి. ఆగమంతో పని జరిగేచోట ఆదేశం చేయకండి. ఆదేశం తప్పనపుడు తీసిన భాగాన్ని దాచిపెట్టండి. ఏం మార్చారో చిన్న కాగితం మీద పటం గీసి, తేదీ వేసి, మూత లోపల అతికించండి. రేపు దాన్ని విప్పేవాడు మీకు దణ్ణం పెట్టుకోవాలి. లోపం మాత్రం ఎన్నడూ వద్దు.

చివరిగా ఈ టపా చదువుతున్న పాత బ్లాగ్మిత్రులకు. ఆంగ్లాక్షరాల కోసం చేసిన కీబోర్డు మీద మనం తెలుగు ఎలా రాశామో గుర్తుందా? కంప్యూటరు చేసినవాడు మనకు మీట పెట్టలేదు. లేఖిని వంటి పనిముట్లు చేసినవారు పక్కన మరొక మీట చేర్చారు. పత్రికలు తమ తమ సొంత ఫాంట్ల పెట్టెలలో బిగించిన అక్షరాలను పద్మ అనే పొడిగింపు యూనికోడులోకి విప్పి చూపింది. వాటి మీద ఎవరి ముద్ర ఉందో ఎవరూ అడగలేదు. కీబోర్డు చెడిపోలేదు, పత్రిక చెడిపోలేదు, తెలుగు మాత్రం తెర మీదికి వచ్చింది. అదీ ఆగమమే. ఆ ఫలం అనుభవిస్తున్న మనకు, మరొకడి పెట్టె మూత తెరవడాన్ని తప్పు పట్టే అర్హత లేదు.

మీట ఎవడికి అందదో వాడి దగ్గరికి మీటే నడిచి రావాలి. రానివ్వనని ముద్ర వేస్తే, ఆ ముద్ర చిరగవలసిందే.

కాదనేవారు వ్యాఖ్యలలో కాదనండి, వాదానికి నేను సిద్ధం. స్వస్తి.